బక్షీసు

మన భాషలో ధనము ఒక చేతినుండి మరియొక చేతికి పోవుటకు ఎన్ని పేర్లు గలవో ఎప్పుడైన లెక్కించి చూచితిరా? పనికి ముందుగా మాటాడుకొని, పని ముగిసిన పిమ్మట ఇచ్చునది కూలి. నెల గడచిన పిదప ఇచ్చునది జీతము. ఆకలిగొన్నవానికి ఇచ్చునది దానము. పండితునకు సభలో ఇచ్చునది సంభావన. ఆటలో గెలిచిన బాలునకు ఇచ్చునది బహుమానము. చేయదగని పనిని చేయించుకొనుటకు గాని, చేయవలసిన పనిని త్వరపెట్టుటకు గాని చాటుగా ఇచ్చునది లంచము. ఆ లంచమే ఏండ్ల తరబడి సాగి సిగ్గు విడిచినచో దానికి మామూలు అని పేరు.

ఇన్ని మాటలు మన యింట నుండగా పారసీక భాషనుండి మరియొక మాట వచ్చి మనలో స్థిరపడినది. అది బక్షీసు. ఆ భాషలో 'ఇచ్చుట' అను అర్థముగల ధాతువునుండి అది పుట్టినది. అరబ్బీనుండి వచ్చిన ఇనాము దానికి తోబుట్టువు వంటిది. ఇనాము ఒకనాడు ప్రభువులిచ్చిన భూములకు పేరై, 1955లో తెలంగాణమునందును, 1956లో ఆంధ్ర ప్రాంతమునందును ఇనాముల రద్దు చట్టములు వచ్చువరకు రెవెన్యూ లెక్కలలో పెద్ద స్థానమునే ఆక్రమించినది. బక్షీసునకు అట్టి వైభవ మెన్నడును లేదు. అది చిన్న మొత్తము. చేతినుండి చేతికి పోవునది. ఏ లెక్కలోనికిని ఎక్కనిది.

అయినను ఈ మాటలన్నిటిలో అర్థము చేసికొనుటకు మిక్కిలి కష్టమైనది ఇదియే. కూలి హక్కు. దానము దయ. లంచము నేరము. బక్షీసు ఈ మూడును కాదు. ఇవ్వవలెనని ఏ చట్టమును చెప్పదు. ఇవ్వనిచో మనసు ఊరకుండదు. ఎక్కువ ఇచ్చిన డాంబికము, తక్కువ ఇచ్చిన అవమానము. పాఠశాలలో తెలుగు చెప్పి, ప్రధానోపాధ్యాయుడనై విశ్రాంతి పొందిన పిమ్మట, కుమారుని యింట కూకట్‌పల్లిలో నివసించుచున్నాను. ఈ మాటనుగూర్చి నన్ను ఆలోచింపజేసినది ఈ ఊరే. ఏలనగా కూకట్‌పల్లి పెట్టె చేత పట్టుకొన్నవారి ఊరు.

ఒకప్పుడు పల్లెయై యుండిన ఈ చోటు గృహనిర్మాణ మండలి కాలనీ ఏర్పడుటతో పెరిగినది. 1998లో మాదాపురమునందు సైబర్ టవర్స్ వెలసినది మొదలు ఉద్యోగార్థులు నలుదిక్కులనుండి వచ్చి చేరసాగిరి. 2017 నవంబరులో మెట్రో రైలు మియాపురమునుండి నడచుటతో రాకపోకలు మరింత హెచ్చినవి. పూనానుండి మచిలీపట్టణము పోవు 65వ జాతీయ రహదారి మా ఊరి నడుమగా సాగుచున్నది. సంక్రాంతికి ముందు రాత్రులలో ఆ రహదారి ప్రక్కన నిలిచి చూడవలెను! గోదావరి తీరమునకు, కృష్ణా తీరమునకు, ఉత్తరాంధ్రకు పోవు బస్సులకొరకు కుటుంబములు కుటుంబములుగా జనము కూడియుందురు. పోవునప్పుడు క్రొత్త బట్టల పెట్టెలు. వచ్చునప్పుడు ఆవకాయ జాడీలు, అరిసెల డబ్బాలు, బియ్యపు మూటలు. బస్సు నిలుచునది కొలది నిమిషములు. ఆ వ్యవధిలో ఒక యువకుడు నడుము వంచి ఆ పెట్టెలన్నిటిని డిక్కీలోనికి త్రోయును. ఎవరి జాడీ పగులకూడదో, ఎవరు నడుమ ఊరిలో దిగుదురో అతడే గుర్తుంచుకొనవలెను. తెల్లవారి దిగినవారికి తమ పెట్టె కనబడును గాని దానిని దించిన చేయి కనబడదు.

మోతపనిలో కూలి యేదియో, బక్షీసు ఏదియో తెలిసికొనుటకు రైల్వే స్టేషను మంచి బడి. 1874లో ఏర్పడిన సికింద్రాబాదు స్టేషనులో ఎర్రచొక్కా తొడిగి, చేతికి ఇత్తడి బిళ్ళ కట్టుకొన్నవారిని మీరు చూచియుందురు. వారు రైల్వే యిచ్చిన లైసెన్సుతో పనిచేయువారే గాని రైల్వేనుండి జీతము పొందువారు కారు. ఇంత బరువునకు ఇంత యని నిర్ణయించిన ధర స్టేషనులో బోర్డుపై వ్రాసియుండును. ఆ ధర కూలి. అది వారి హక్కు. 2016లో రైల్వే బడ్జెట్టు సమర్పించుచు నాటి మంత్రి సురేశ్ ప్రభు ఇకమీదట వారిని 'సహాయక్' అని వ్యవహరింతుమని ప్రకటించెను. పేరు మారుట మంచిదే. కాని చక్రముల పెట్టెలు, మరమెట్లు వచ్చిన పిమ్మట వారికి పని తగ్గినది. ఎవరును ఈడ్చలేని బరువులే వారికి మిగిలినవి.

ఇచట కొంత గణితము చేయుదము. స్లీపరు తరగతిలో ఒక్కొక్క ప్రయాణికుడు 40 కిలోల సామాను ఉచితముగా తీసికొనిపోవచ్చును. నలుగురున్న కుటుంబమునకు 160 కిలోలు. ఎదిగిన పురుషుడు చేతులతో గాని తలపై గాని మోయు బరువు 55 కిలోలకు మించియున్నచోట్ల దానిని ఆ మేరకు తగ్గింపవలెనని 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సిఫారసు చేసినది. కావున ఆ కుటుంబము సామాను ముగ్గురు మోయదగినది. తరచుగా దానిని ఒక్కనికే అప్పగించి, 'ఒక్క పర్యాయములో తెమ్ము' అని తొందరపెట్టువారిని నేను అనేక పర్యాయములు చూచితిని.

ఒకనాడు బండి ఆలస్యము కాగా, పదవ నంబరు ప్లాట్‌ఫారముపై కూర్చుండి, వయసు మీరిన ఒక సహాయకునితో మాటాడితిని. తలపై గుడ్డచుట్ట తీసి తుడుచుకొనుచు అతడిట్లనెను: "ఎంత బరువైనా మోస్తాం సార్. నెత్తి మీద ఉన్నంతసేపూ ఏ నొప్పీ తెలియదు. దింపినాక బేరం మొదలుపెడతారు చూడండి, అప్పుడు మెడ గుంజుతుంది."

ఆ మాట నేను మరువలేదు. బరువు ఎత్తకముందు బేరమాడుట లోకసహజము. అప్పు డిరువురును సమానులు. ఇష్టము లేనిచో అతడు తొలగిపోవచ్చును. బరువు దించిన పిమ్మట అతని చెమట మనయొద్ద కుదువ పెట్టినట్లగును. అప్పుడు తగ్గించుట బేరము కాదు, బలాత్కారము. ముందుగా ఒప్పుకొన్నది ఇచ్చుట కూలి. అతడు వంతెన మెట్లు రెండు మారులు ఎక్కి దిగినందుకు, పెట్టెలోని వృద్ధురాలికి చేయూత యిచ్చి కూర్చుండబెట్టినందుకు, మనము సంతోషించి పైన ఇచ్చునది బక్షీసు. కూలి ఎగవేసి బక్షీసు ఇచ్చితినని చెప్పుకొనువాడు అప్పు తీర్పక దానము చేయువానివంటివాడు.

పెద్ద హోటళ్ళలో వ్యవహారము వేరు. అచట సామాను మోయువారికి యజమాని జీతమిచ్చును. ధరల బోర్డు ఉండదు. అడుగుట వారికి నిషిద్ధము. కావున ఎవరికి, ఎప్పుడు, ఎంత ఇవ్వవలెనో తెలియక మర్యాదస్థులు సైతము తికమకపడుదురు. కొంతకాలము క్రిందట నగరమునకు వెలుపలనున్న ఒక విహార హోటలులో మా బంధువుల యింట పెండ్లి జరిగెను. కూకట్‌పల్లినుండి రెండు బస్సులలో పోయితిమి. ద్వారమునొద్ద తలపాగా ధరించిన ఒక నిలువెత్తు మనిషి నమస్కరించి కార్ల తలుపులు తీయుచుండెను. కార్లలో వచ్చినవారు అతనికి నోట్లు అందించిరి. మా పెట్టెలకు గది నంబరుల చీటీలు కట్టి ఎవరో వెనుక దారిని తీసికొనిపోయిరి. మేము భోజనము చేసి వచ్చుసరికి ఎవరి పెట్టె వారి గదిలో నుండెను. తలుపు తీసినవానికి నోట్లు ముట్టినవి. నూరు పెట్టెలు మోసినవారి ముఖము మాత్రము మాలో ఒక్కరును చూడలేదు.

మరునాడు తిరుగుప్రయాణమునకు ముందు పెండ్లికుమార్తె మేనమామ ఈ సంగతి గమనించెను. ఆయన కృష్ణా జిల్లా రైతు. 'మన ఊరిలో పెండ్లి చేసినచో పందిరి వేసినవాడెవడో, గాడిపొయ్యి త్రవ్వినవాడెవడో, సన్నాయి ఊదినవాడెవడో ముందే జాబితా వ్రాసికొనెడివారము గదా! ఇక్కడ జాబితా యేది?' అని ఆయన ప్రశ్నించెను. ఒక్కొక్క గదివారినుండి కొంత కొంత పోగుచేసి, సామాను మోయువారి పెద్దను పిలిపించి, 'నాయనా, మా పెట్టెలు మోసినవారందరిని ఒకమారు ఇక్కడకు పిలువుము' అని కోరెను. ఆరుగురు యువకులు వచ్చి సంకోచముతో నిలిచిరి. ఆయన పళ్ళెములో తాంబూలము పెట్టించి, దానిపై సొమ్ముంచి, ఒక్కొక్కని ఊరు పేరు అడిగి, రెండు చేతులతో ఇచ్చెను. వారిలో ఇద్దరు శ్రీకాకుళమువారు. ఒకడు ఒడిశానుండి వచ్చినవాడు. తెలుగు సరిగా రాని ఆ ఒడిశా బాలుడు తాంబూలమును కన్నుల కద్దుకొనెను. 'మా ఇండ్లలోను ఇట్లే ఇచ్చెదరు' అని వచ్చీరాని తెలుగులో అతడు చెప్పెను. ఇచ్చిన మొత్తము గొప్పది కాదు. కాని ఆ రెండు దినములలో వారిని పేరు పెట్టి పిలిచినది ఆ ఒక్క గడియయే.

తిరిగి వచ్చునప్పుడు నా మనుమడు నన్ను నిలదీసెను. వాడు మీ యీడువాడే. "తాతయ్యా, హోటలువాళ్ళు వాళ్ళకి జీతం ఇస్తున్నారు కదా? మనం గదికి డబ్బు కట్టాం. మళ్ళీ మనమెందుకు ఇవ్వాలి? ఇలా ఇస్తూ పోతే యజమాని జీతం పెంచుతాడా?" అని అడిగెను. పిల్లల ప్రశ్న యని త్రోసివేయదగినది కాదది. వానికి ఒక కథ చెప్పితిని.

అమెరికాలో అంతర్యుద్ధము 1865లో ముగిసి బానిసత్వము రద్దైన పిమ్మట, జార్జి పుల్‌మన్ అను వ్యాపారి రైళ్ళలో పడకల పెట్టెలు నడుపుచు, విముక్తులైన నల్లజాతివారిని సామాను మోయుటకు, పక్కలు వేయుటకు నియమించెను. వారికిచ్చు జీతము స్వల్పము. ప్రయాణికులిచ్చు బక్షీసులతో బ్రతుకవలసినదే. కావున ప్రయాణికుడు ఎంత అవమానించినను చిరునవ్వు నవ్వవలెను. వారి పేరడుగుట కూడ అనవసరమని తలచి, యజమాని పేరుతోనే అందరిని 'జార్జి' అని పిలిచెడివారు. 1925లో ఏ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వమున వారు సంఘము కట్టిరి. పన్నెండేండ్ల పోరాటమునకు పిమ్మట 1937లో ఆ కంపెనీ వారితో ఒడంబడిక చేసికొనెను. వారు కోరినది పెద్ద బక్షీసు కాదు. చాలినంత జీతము, మితమైన పనిగంటలు, మనుష్యులకు తగిన మర్యాద.

నేటికిని ఆ దేశమున ఆ చిక్కు పూర్తిగా తీరలేదు. బక్షీసు పొందు పనివారికి యజమాని గంటకు 2 డాలర్ల 13 సెంట్లు ఇచ్చిన చాలునని కేంద్ర చట్టము చెప్పుచున్నది. బక్షీసులతో కలిపి సాధారణ కనీస వేతనమునకు తక్కువైనచో ఆ తక్కువను మాత్రము అతడు పూరింపవలెను. 1991 నుండి ఆ అంకె మారలేదు. కొన్ని రాష్ట్రములు అంతకంటె హెచ్చు నిర్ణయించినవి. మన కూకట్‌పల్లినుండి ఆ దేశమునకు పోయిన పిల్లలు మొదట ఈ పద్ధతికి విస్తుపోయి, పిదప అలవాటుపడుదురు. జపానులో ఇందుకు భిన్నమైన ఆచారము గలదు. అచట హోటలులో సామాను మోసినవానికి సొమ్మియ్యబోయినచో అతడు వినయముగా తిరస్కరించును. నమస్కరించి కృతజ్ఞత చెప్పుటయే అచటి మర్యాద. ఆచారము దేశమునుబట్టి మారుచున్నది. మోసినవాని నడుము మాత్రము అన్ని దేశములలోను ఒక్కటే.

ఇది పరుల కథ యని మనము తలచరాదు. రంగూను రేవునందు ఓడల సామాను ఎత్తి దించినవారిలో మన తెలుగువారు వేలకొలది యుండిరి. కోరంగి రేవుపేర వారిని అచట 'కోరంగీలు' అని పిలిచెడివారు. 1930 మే నెలలో వారు కూలి పెంచుమని సమ్మె చేసిరి. యజమానులు వారికి బదులు బర్మావారిని పనిలో పెట్టుకొనిరి. సమ్మె తీరి తెలుగువారు తిరిగి పనికి రాగా, పేదలకును పేదలకును నడుమ కలహము చెలరేగి అనేకులు ప్రాణములు కోల్పోయిరి. నేడు మనలో ఏ యింటి పూర్వుడు ఆ రేవులో మూట మోసెనో ఎవరు చెప్పగలరు? పెట్టె మోయించుకొనువారు, మోయువారు అని రెండు జాతులు లేవు. తరము మారినచో చోటులు మారుచుండును.

ఈ కథలన్నియు విని నా మనుమడు, "అయితే జీతమే పెంచాలి, అంతే కదా?" అనెను. అవును, అదియే మొదటి న్యాయము. యజమాని ఇయ్యవలసిన జీతమునకు మన బక్షీసు బదులు కారాదు. అట్లే బక్షీసు బలవంతపు పన్నును కారాదు. హోటళ్ళు బిల్లులో తమంతట తామే సేవారుసుము చేర్చరాదని 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆదేశించినది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ ఆదేశమును సమర్థించినది. ఇచ్చుట ఇచ్చువాని యిష్టమని దీని తాత్పర్యము. అయితే ఇష్టమని యనిన మాత్రమున, ఇవ్వకుండుటకు అది సాకు కారాదు. నీకు చదువు చెప్పినందుకు గురువునకు జీతము వచ్చుచున్నది గదా యని నీవు నమస్కరించుట మానెదవా? జీతము పనికి వెల. బక్షీసు ఆ పని నాకు మేలు చేసినదని చెప్పు మాట. మన లోకములో ఆ మాటను కొన్ని తావులలో పెదవులతోను, కొన్ని తావులలో చేతితోను చెప్పుదురు. పేదవానికి చేతితో చెప్పిన మాట ఇంటికి తీసికొనిపోవుటకు కూడ పనికివచ్చును.

ఇక ఆచరణనుగూర్చి నాకు తోచిన కొన్ని మాటలు చెప్పెదను. మొదటిది, మోసినవానికే ఇవ్వవలెను. ఎదుట నిలిచి నమస్కరించినవానికి కాదు. మోసినవాడు కనబడనిచో అతనికొరకు అడుగవలెను. రెండవది, సామాను గదిలో దించిన వెంటనే ఇచ్చుట మేలు. పోవునాటికి ఆ మనిషి సెలవులో నుండవచ్చును. మూడవది, మొత్తము. మన నగరపు పెద్ద హోటళ్ళలో ఒక గదివారి సామానునకు 50 మొదలు 100 రూపాయలవరకు ఇచ్చుట నేను చూచిన వాడుక. బరువు హెచ్చినను, మెట్లెక్కవలసి వచ్చినను కొంత కలుపవలెను. స్తోమతు లేనివాడు తక్కువ ఇచ్చినను దోషము లేదు. హేళనగా ఎక్కువ ఇచ్చుట దోషము. నాలుగవది, నోటును మడిచి విసరరాదు. పదిమంది ఎదుట లెక్కపెట్టరాదు. కన్నులలో చూచి ఇవ్వవలెను.

ఈ కాలమున క్రొత్త చిక్కొకటి వచ్చినది. 2016లో యూపీఐ పద్ధతి ఆరంభమైనది మొదలు జేబులో చిల్లర ఉంచుకొనువారు తగ్గిపోయిరి. కోటి రూపాయల యిల్లు కొన్న ఉద్యోగి సైతము పెట్టె దించిన బాలునితో 'చిల్లర లేదు' అని చెప్పి తలుపు వేసికొనుచున్నాడు. అది అబద్ధము కాకపోవచ్చును. కాని కూరగాయల బండివానికి ఫోనుతో చెల్లించువాడు ఈ బాలునికి చెల్లింపలేడా? 'నీ నంబరు చెప్పు తమ్ముడూ' అని అడిగిన చాలును. ప్రయాణమునకు బయలుదేరునప్పుడు మందులతోపాటు కొన్ని చిన్న నోట్లు సంచిలో వేసికొనుట అంతకంటె సులభమైన పని.

బాలబాలికలారా! మీలో చాలమందికి సొంత సంపాదన లేదు. కావున బక్షీసు ఇయ్యవలసినవారు మీరు కారు. అయినను మీరు ఇయ్యగలిగినవి మూడు గలవు. మోయువానిని 'ఏయ్' అని పిలువక 'అన్నా' అని పిలువవచ్చును. ఆయన బరువెత్తునప్పుడు పెట్టెకు రెండవ ప్రక్క చేయి వేయవచ్చును. దించిన పిమ్మట ఒక గ్రుక్కెడు మంచినీరు అందింపవచ్చును. వీనికి చిల్లర అక్కరలేదు. వీనిని ఇప్పుడు నేర్చినవారికి, రేపు పెద్దవారై పరదేశములలో పెట్టె దింపించుకొనునాడు, ఎంత ఇవ్వవలెనని ఎవరిని అడుగవలసిన పని యుండదు.